మీకు తెలుసా? కంప్యూటర్లూ చీటీలు వేసుకుంటాయి

ఒకే తీగ మీద రెండు కంప్యూటర్ల సందేశాలు ఢీకొంటే, మళ్లీ ఎప్పుడు పంపాలో పాత ఈథర్‌నెట్‌లో అవి చీటీ వేసుకున్నట్టే తేల్చుకునేవి. మొదటిసారి ఢీకొంటే 0, 1లలో ఏదో ఒక అంకె. రెండోసారి 0 నుంచి 3, మూడోసారి 0 నుంచి 7. మూడు వచ్చిందా, మూడు విడతలు ఆగాలి. సెకనుకు 10 మెగాబిట్ల వేగంలో విడత అంటే 51.2 మైక్రోసెకన్లే, రెప్ప కూడా కదలదు! పదోసారికి పై హద్దు 1023 దాకా పెరిగి అక్కడే ఆగుతుంది. 16 ప్రయత్నాలూ బెడిసికొడితే ఇక చేతులెత్తేయడమే.

కిటుకంతా తోచిన అంకె తీయడంలోనే ఉంది: రెండూ సమానంగా ఆగితే మళ్లీ ఢీయే. ఈ ఉపాయం పుట్టిల్లు హవాయి. అక్కడి విశ్వవిద్యాలయం 1971లో దీవుల మధ్య రేడియోతో నడిపిన అలోహానెట్, జవాబు రాకపోతే కాసేపాగి మళ్లీ పంపేది. ఆ ‘కాసేపు’ ఎంతో ముందే ఎవరికీ తెలియదు.