అద్దకపు నీరు బావిని చేరునా?

గుండారు ఒడ్డునగల తిరుచ్చులి వంటి ఊళ్లలో బావి చెడిన బ్రతుకే చెడును. నూలు అద్దకములో వాడు ఉప్పు మట్టిలో ఆగదు, నీటితోపాటే సాగును. తిరుప్పూరు అద్దకపు నీటివలన నొయ్యల్ ఒడ్డు బావులు ఉప్పెక్కెను. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అచటి అద్దకపు కర్మాగారములను మూయించెను.

ఈ ఉప్పు ఎంతదూరము పోవునో ముందే అంచనా కట్టవచ్చును. భూగర్భజలపు వాలు, నేల నీటిని పోనిచ్చు గుణము తెలిసినచో, 1856 నాటి డార్సీ సూత్రముతో దాని నడక తేలును. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు పటాన్‌చెరు చుట్టు ఇట్టి లెక్కయే కట్టిరి. పంపుతో అతిగా తోడినచో వాలు ఆ బావివైపే మరలును.

కావున సోదరులారా! నీరు తేటగా నున్నదని నమ్మరాదు; రంగు లేకున్నను ఉప్పు ఉండవచ్చును. అద్దకపు నీటిని బావికి ఎగువన పోయవలదు. ఏటేటా బావినీటిని పరీక్ష చేయించుడు.