ఎక్స్-రేలో తెల్లని గీత: స్త్రీలు ఉపేక్షింపరాదు

కొంతకాలం క్రితం పరిచయస్థులైన దంపతులు నా వద్దకు వచ్చారు. ఆయన వయస్సు అరవై ఆరు, ఆమెకు అరవై రెండు. విడువని దగ్గు కారణంగా ఇరువురికీ ఛాతీ ఎక్స్-రే తీయించారు. ఆయన చిత్రంలో ఏ దోషమూ లేదు. ఆమె నివేదికలో మాత్రం ‘అయోర్టా కాల్సిఫికేషన్’ అని ఉంది. “గుండెజబ్బు భయం మగవాళ్లకు కదండీ, ఈవిడకేమిటి?” అని ఆయన ఆశ్చర్యపోయారు. తాంబూలంలోని సున్నమే కారణమని తలచి ఆమె తాంబూలంతోపాటు పాలు, మజ్జిగ కూడా మానివేశారు.

ఈ సున్నం ఎక్కడిది?

గుండె నుండి బయలుదేరిన బృహద్ధమని కొంత పైకి వెళ్లి, ఎడమవైపునకు వంగి క్రిందికి దిగుతుంది. ఆ వంపు గోడలో కాల్షియం లవణాలు పేరుకొన్నప్పుడు ఎక్స్-రేలో నెలవంక వంటి తెల్లని గీత కనబడుతుంది. ఇది తాంబూలం వలన చేరిన సున్నం కాదు. వయస్సు, అధిక రక్తపోటు, పొగత్రాగడం వంటి కారణాల వలన గోడ దెబ్బతినగా, అందలి కణాలే ఎముక కణాల వలె మారి లవణాలను చేర్చుకుంటాయి. చరక సంహిత కఫజ వికారాలలో ‘ధమనీ ప్రతిచయం’ అనే దానిని పేర్కొన్నది. ధమనులలో మలినం పేరుకొనడమని దాని భావం.

స్త్రీ పురుష భేదం

గుండెకు రక్తమిచ్చే హృదయ ధమనులలో సున్నం పురుషులకు సుమారు పది పదిహేనేళ్లు ముందుగా చేరుతుంది. ముట్లుడిగిన పిదప స్త్రీలలోనూ ఇది పెరుగుతుంది. బృహద్ధమని వంపు సంగతి వేరు. కాలిఫోర్నియాలో 1964-73 మధ్య పరీక్షింపబడిన లక్షకు పైగా వ్యక్తుల వివరాలు 2000 సంవత్సరంలో వెలువడ్డాయి. ఈ గీత పురుషులలో 1.9 శాతం మందికి, స్త్రీలలో 2.6 శాతం మందికి కనిపించింది. గీత ఉన్నవారిలో గుండెజబ్బు పురుషులకు 27 శాతం, స్త్రీలకు 22 శాతం అధికం. స్త్రీలలో మాత్రం, మెదడుకు రక్తం అందక వచ్చే పక్షవాతం కూడా 46 శాతం అధికమని తేలింది.

ఏమి చేయాలి?

ఆ గీతను కరిగించే కషాయం గాని, లేహ్యం గాని నాకు తెలియదు. దానికి కారణమైన వాటిని అదుపు చేయడమే మార్గం. ఆమె రక్తపోటు చూడగా 170/100 ఉంది. ఏటేటా భర్తను పరీక్షకు తీసుకువెళ్లిన ఆ ఇల్లాలు తన రక్తపోటు ఏనాడూ చూపించుకోలేదు! వెంటనే ఆమెను అల్లోపతి వైద్యుని వద్దకు పంపాను. ఆ మందులు మానకుండా వాడుతూ, ఊరగాయలు, అప్పడాలు, వడియాలు తగ్గించి, ఉదయం అరగంట నడవమని చెప్పాను. పాలు, మజ్జిగ తిరిగి పుచ్చుకోమన్నాను. వైద్యుడు వ్రాసిన కాల్షియం మాత్రలున్నవారు ఆయన నడగకుండా మానరాదు.

గృహిణులారా! ఇంటిల్లిపాది ఆరోగ్యాన్ని చూచే మీరు, ఈ వారమే మీ రక్తపోటు చూపించుకోండి.