మన బరంపురము – దాని జాతర రాత్రులు

ఒడిశా రాష్ట్రమున గంజాం జిల్లాలోని పట్టణములలో మిక్కిలి పెద్దది బరంపురము. సర్కారు కాగితములలో దీని పేరు బ్రహ్మపురము. ఇంగ్లీషువారు బెర్హంపూరనిరి. మన యిండ్లలో తాతల నాటినుండియు బరంపురమనియే వాడుక. ఇచటినుండి దక్షిణముగా పోవు రైలు కొలదిసేపటిలోనే ఇచ్ఛాపురము చేరును. అది ఆంధ్రప్రదేశమునకు మొదటి యూరు. ఇట్టి సరిహద్దు పట్టణమున పుట్టి, ఒడియా తెలుగు రెండును వినుచు పెరుగు విద్యార్థులు దీని పూర్వకథ నెరుంగుట యవసరమని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ సీమ చరిత్ర మిగుల ప్రాచీనము. ఋషికుల్యానది యొడ్డున జౌగడ యను చోట అశోకచక్రవర్తి చెక్కించిన శిలాశాసనములు కలవు. అవి క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమునాటివి. కళింగమునకై ప్రత్యేకముగా వ్రాయించిన యాజ్ఞలు అందున్నవి. తన యేలుబడికి లోబడని సరిహద్దు జనులు తన్ను జూచి భయపడరాదనియు, తండ్రివలె నమ్మవలెననియు వారికి తెలుపుడని చక్రవర్తి తన యధికారులకు ఒక యాజ్ఞలో బోధించెను. సరిహద్దుప్రజల మనస్సును గూర్చిన యీ చింత మన జిల్లాలో ఇన్ని యేండ్ల క్రిందటనే రాతి కెక్కినది.

తరువాతి కాలమున ఈ భాగము ఉత్తర సర్కారులలో చేరెను. 1753లో నిజామగు సలాబత్ జంగు సర్కారులను ఫ్రెంచివారి కిచ్చెను. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాచే అవి ఇంగ్లీషు కంపెనీ పరమయ్యెను. 1768లో కాట్స్‌ఫర్డు అను దొర గంజాములో కంపెనీ ప్రతినిధిగా కుదురుకొనెను. ఋషికుల్య సముద్రమును గలియుచోట నున్న గంజాము నాడు గొప్ప రేవు. 1815లో విషజ్వరము ప్రబలి ఆ యూరు పాడుపడగా కచేరీలు అచటినుండి తరలిపోయెను. కాలక్రమమున ఛత్రపురము జిల్లాకు ముఖ్యస్థానమయ్యెను. వర్తకము, విద్య, న్యాయస్థానములు బరంపురమున వర్ధిల్లెను. 1856లో ఇచట నెలకొల్పబడిన పాఠశాల 1878లో కళాశాలయై, పిదప ఖల్లికోట రాజావారి పేర ప్రసిద్ధి చెందెను. చెంతనే యున్న గోపాలపురము రేవునుండి కూలిజనము ఓడలెక్కి రంగమునకు పోవుచుండిరి.

అప్పటి గంజాం జిల్లా చెన్నరాజధానిలోనిది. శ్రీకాకుళము, టెక్కలి మున్నగు తెలుగు తాలూకాలును ఇందే యుండెను. 1903లో ఉత్కళ సమ్మేళనము పుట్టెను. 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ కూడెను. ఒడియా మాటలాడువా రందరు ఒక్క పాలన క్రింద నుండవలెనని వారును, తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము కావలెనని వీరును కోరిరి. రెండు కోరికలును న్యాయమైనవే. చిక్కంతయు బరంపురము వంటి యూళ్ళతోనే వచ్చినది. ఏలయన, ఇచట ఒకే వీథిలో రెండు భాషలవారు ఇరుగుపొరుగు. 1931లో ఓడనెల్ సంఘము ఎల్లలను విచారించెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా బరంపురము అందు చేరెను. దక్షిణపు తాలూకాలు విశాఖపట్టణము జిల్లాలో కలిసెను. వ్యావహారిక భాషోద్యమ నాయకులగు గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ఒరిస్సాలో చేరుట కోర్వలేక ఆ సమయముననే రాజమహేంద్రవరమునకు వెడలిపోయిరి. అట్లు పోగలిగినవారు కొందరే. తక్కినవారు ఉన్న యింటనే యుండిరి, రాష్ట్రము మారినది.

ఉండిపోయినవారు ఈ పట్టణముతో నెట్లు పెనవేసికొని యున్నారో తెలిసికొనవలెనన్న ఠాకురాణి జాతరను చూడవలెను. పూర్వము మహురి రాజులు పట్టు నేయించుటకై రాజమహేంద్రవర ప్రాంతమునుండి తెలుగు నేతగాండ్రను రప్పించి ఇచట నిలిపిరని పెద్దలు చెప్పుదురు. వారినే దేరాలందురు. వారి కులపెద్దకు దేశీబెహరా యని బిరుదు. గుడిశిఖరములవంటి మొనలు అంచున తీర్చిన బరంపురపు పట్టుచీర వారి చేతిపనియే. ఫొడాకుంభ మనబడు నీ నేతకు మన కాలమున భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

ఊరి గ్రామదేవత బుఢీ ఠాకురాణి. రెండేండ్ల కొకసారి చైత్రమాసమున ఆమె పెద్దబజారులోని గుడి వీడి, దేశీబెహరా వీథిలో వేసిన తాత్కాలిక మందిరమునకు విచ్చేయును. అది ఆమెకు పుట్టినిల్లు. దేశీబెహరా ఆమెకు తండ్రి. అత్తవారింటినుండి వచ్చిన ఆడబిడ్డ కెట్టి మర్యాదలు జరుగునో ఆమెకును అట్టివే జరుగును. ఇంచుమించు నెలదినములు ఊరికి రాత్రియు పగలే. ప్రతిరాత్రియు ఘటములు బయలుదేరును. ప్రధాన ఘటమును దేశీబెహరా భార్య తలపై నుంచుకొని నడచును. ఇంటింటివారును వాకిట నిలిచి పసుపునీరు, పూలతో ఎదురేగుదురు. వీథుల కూడళ్ళలో పురాణకథలను బొమ్మలతో చూపు రథములు నిలుపుదురు. మ్రొక్కులున్నవారు వేషములు ధరింతురు. ఒకడు శివుడు, ఒకడు రాముడు. ఒడలెల్ల పట్టెలు వ్రాయించుకొని డప్పులకు చిందులు త్రొక్కు పులివేషగాండ్రకు లెక్కయే లేదు. తుదిరాత్రి అమ్మవారు మరల తన గుడికి తరలునపుడు, కూతు నంపకము చేయు నింటివలె ఊరెల్ల చిన్నబోవును.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. దేవత ఊరందరిది, ఒడియావారును తెలుగువారును సమముగా కొలుచునది. ఆమెకు తండ్రి యైనవాడు గోదావరి యొడ్డునుండి వచ్చిన నేతగాండ్ర పెద్ద. అనగా పొరుగునాటినుండి వచ్చినవారిని ఊరు అతిథులుగా గాక దేవతకు పుట్టింటివారినిగా స్వీకరించినది.

దీనికి ప్రతిగా మరియొక యుదాహరణము కలదు. గంజాం పల్లెలలో రాత్రి తెల్లవార్లు ఆడు ప్రహ్లాద నాటకమును మీలో పలువురు చూచియుందురు. మెట్లుమెట్లుగా కట్టిన యెత్తైన వేదికపై హిరణ్యకశిపుడు కూర్చుండును; క్రింద గాయకులు, మద్దెల, ముఖవీణ. ఈ ఒడియా నాటకమును 19వ శతాబ్దమున వెలయించిన జలంతర రాజగు రామకృష్ణ ఛోటరాయని సంస్థానము నేడు ఆంధ్రప్రదేశములోని శ్రీకాకుళము జిల్లాలో నున్నది! తెలుగు నేతగాండ్ర జాతర ఒడిశాలో నిలిచినది. తెలుగుగడ్డపై మొలచిన ఒడియా నాటకము ఒడిశాలో పెరిగినది. 1936 నాటి గీత ఈ రెంటిలో దేనిని గాని ఆపలేదు.

మేము ఉపాధ్యాయశిక్షణకై పొరుగు రాష్ట్రమున నున్నప్పుడు, అచటి సహాధ్యాయులు మా పలుకుబడి విని "ఒరిస్సాలో తెలుగు బళ్ళున్నవా?" యని ఆశ్చర్యపడెడివారు. ఉన్నవి. మాతృభాషలో ప్రాథమికవిద్యకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము చెప్పుచున్నది. భారత రాష్ట్రపతిగా 1969 నుండి 1974 వరకు నుండిన వరాహగిరి వేంకటగిరిగారు 1894లో ఈ యూరనే జన్మించిరి. 'అతడు–ఆమె' నవల రచించిన ఉప్పల లక్ష్మణరావుగారును బరంపురమువారే. వీరి పేళ్ళు చెప్పుకొని గర్వించుట సులభము. కాని చట్టము బడిని తెరచునే గాని అందు పిల్లలను కూర్చుండబెట్టజాలదు. ఇంట తెలుగు మాటలాడుచు, వ్రాతలో ఒక్క పంక్తి కూర్చలేని పిల్లలు ఏటేట పెరుగుచున్నారు. మాటలు మాత్రమే మిగిలి అక్షరములు పోయినచో, ఆ మాటలును మనుమల నాటికి తరిగిపోవును.

కావున విద్యార్థులారా, ఒడియాను చక్కగా నేర్వుడు. అది మనకు అన్నము పెట్టు నేల భాష, మన పొరుగువారి భాష. తెలుగును విడువకుడు. రాబోవు జాతరకు పోయినపుడు పులివేషములను చూచి మరలక, నేతవీథిలోని ముసలివారిని పలుకరింపుడు. పడుగు, పేక, కండె, నాడె మొదలగు మగ్గపు మాటలలో వారినోట నేటికిని నిలిచియున్నవెన్నో అడిగి, తెలుగు లిపిలో మీ పుస్తకములందు వ్రాసికొనుడు. అట్లు వ్రాసి తెచ్చిన పట్టికలను ఈ పత్రిక వచ్చు సంచికలో సంతోషముతో ప్రకటింతుము.