బోరు పైపు తమ్ముడు

నాలుగేళ్ల కిందట మా చెల్లెలు పాలిమర్ క్లే ముద్దలు నాలుగు కొనుక్కొచ్చి, ఒక జత జుంకాలు చేసి, డాబా మీద నీడలో ఆరబెట్టింది. మట్టి అన్నాక ఆరాలి కదా. మూడు రోజులైనా ఆరలేదు. వారం తర్వాత చూస్తే వాటి మీద దుమ్ము దండిగా పేరుకుంది గానీ, వేలితో నొక్కితే మొదటి రోజు ఎంత మెత్తగా ఉన్నాయో అంతే మెత్తగా ఉన్నాయి. పాడైన సరుకు అంటగట్టాడని అమ్మినవాణ్ని నాలుగు తిట్టింది.

పాపం, అతని తప్పేమీ లేదు. తప్పంతా పేరుది. కుమ్మరి మట్టికి మెత్తదనం నీళ్ల వల్ల వస్తుంది. ఆ నీళ్లు ఎగిరిపోతే గట్టిపడుతుంది, ఆవంలో కాలితే ఇక ఎన్ని నీళ్లు పోసినా మళ్లీ మట్టి కాదు. పాలిమర్ క్లేలో నీటి బొట్టు ఉండదు. ఇక ఆరేదేమిటి? అందులో కలిపే సుద్దపొడి లాంటివి పక్కన పెడితే, ఆ ముద్దలో అసలు సరుకు పీవీసీ. పొలంలో బోరు నుంచి నీళ్లు మోసుకొచ్చే పైపు, ఇంట్లో కరెంటు తీగ మీది తొడుగు, మా చెల్లెలి జుంకా, మూడూ ఒక తల్లి పిల్లలే. ఈ చుట్టరికం తెలిస్తే పాలిమర్ క్లేతో చేసే తప్పుల్లో సగం తప్పిపోతాయి. అందుకే పైపు దగ్గర్నుంచే మొదలుపెడతాను.

1872లో యూగెన్ బౌమన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త గాజు పాత్రల్లో పెట్టిన వినైల్ క్లోరైడ్ ఎండ తగిలి తెల్లటి ఘనపదార్థంగా మారడం చూశాడు. అంతకు ముప్పై ఏళ్లకు పైగా ముందే రెనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కూడా ఇలాంటిదే గమనించాడు. చూశారు, రాసుకున్నారు, వదిలేశారు. ఆ తెల్లపొడిని ఏం చేసుకోవాలో ఎవరికీ పాలుపోలేదు. పెళుసుగా ఉంటుంది. కరిగించి పోత పోద్దామని వేడి చేస్తే, సరిగ్గా కరిగేలోపే విరిగిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి కక్కుతుంది. (ఈ దుర్గుణం దాన్ని ఇప్పటికీ వదల్లేదు, మళ్లీ దాని దగ్గరకొస్తాం.)

1926లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో, గుడ్‌రిచ్ టైర్ల కంపెనీలో వాల్డో సీమన్ అనే యువకుడు రబ్బరును ఇనుముకు అంటించే జిగురు కోసం తంటాలు పడుతున్నాడు. ఎందుకూ పనికిరాని ఈ పీవీసీని, ఎంత కాచినా త్వరగా ఆవిరికాని ఒక ద్రావకంలో వేసి మరిగించాడు. చల్లారాక చూస్తే గిన్నెలో జిగురు లేదు, సాగి మళ్లీ యథాస్థానానికి వచ్చే జున్నులాంటి ముద్ద ఉంది. పొడవాటి పీవీసీ అణువుల మధ్యకు ఆ ద్రావకం దూరిపోయి, అవి ఒకదాని మీద ఒకటి జారేలా చేసింది. ఇలా మెత్తబరిచే ద్రవాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. వానకోట్లు, బాత్రూమ్ తెరలు, తీగల తొడుగులు అన్నీ ఆ గిన్నెలోంచే వచ్చాయి. గట్టి పైపుకూ, భోజనాల బల్ల మీద పరిచే మెత్తటి షీటుకూ తేడా ఈ ద్రవం పాళ్లలో ఉంది.

ఇక బొమ్మల సంగతి. జర్మనీలో కేటే క్రూజె అనే నటి ఉండేది. 1905లో పెద్దకూతురు బొమ్మ కావాలని మారాం చేసింది. పిల్ల తండ్రి, శిల్పి అయిన మాక్స్‌కు అంగట్లో దొరికే బొమ్మలంటే అసహ్యం, కొనివ్వనన్నాడు. ఆవిడ ఒక తువ్వాలులో ఇసుక పోసి, తల చోట బంగాళాదుంప పెట్టి, ముడేసి ఇచ్చింది. ఆ దుంపతలే పెరిగి పెరిగి బాట్ కోజెన్ ఊళ్లో పెద్ద బొమ్మల కార్ఖానా అయింది. 1930ల చివర్లో బొమ్మ తలలకు పనికొస్తుందేమోనని ఎవరో ఆవిడకు ఒక కొత్త ప్లాస్టిక్ ముద్దను చూపించారు. కార్ఖానాలో అచ్చుపోతకు అది లొంగలేదు. ఆవిడ దాన్ని రెండో కూతురు సోఫీకి ఇచ్చేసింది. సోఫీ ముద్దుపేరు ఫీఫీ. బొమ్మ తలలకు పనికిరానిది చేతిపనికి బాగుందని ఫీఫీకి అర్థమైంది. రంగులు కలిపింది, యుద్ధం ముగిశాక తన పేరు కలిసొచ్చేలా ‘ఫిమోయిక్’ అని చిన్న చిన్న పొట్లాలు కట్టి అమ్మింది. 1964లో ఆ సూత్రాన్ని ఎబర్‌హార్డ్ ఫాబర్ కంపెనీ కొనుక్కుని తోక కత్తిరించి ‘ఫిమో’ అంది. తర్వాత పెన్సిళ్ల కంపెనీ స్టెడ్‌లర్ చేతికొచ్చింది. మన స్టేషనరీ దుకాణాల్లో పెన్సిళ్ల డబ్బాల మీద కనిపించే ఆ పేరే ఫిమో పొట్లం మీద కూడా ఉండడానికి కారణం ఇది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో పాలీఫామ్ అనే కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్ల కోసం ఒక తెల్లటి ముద్ద తయారుచేసింది. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి వేడిని బయటికి లాగడం దాని పని. ఆ పని అది చెయ్యలేకపోయింది. మూలన పడేశారు. 1967 ప్రాంతంలో దాంతో బొమ్మ చేయొచ్చని, ఓవెన్‌లో పెడితే గట్టిపడుతుందని, గట్టిపడ్డాక చెక్కొచ్చు, గరుకు కాగితంతో రుద్దొచ్చు, రంగెయ్యొచ్చని కనిపెట్టి ‘స్కల్పీ’ అని పేరుపెట్టారు. చాలా ఏళ్లు తెలుపు తప్ప వేరే రంగు లేదు. రంగుల స్కల్పీ వచ్చేసరికి 1980లు వచ్చాయి. పాలిమర్ క్లే అదృష్టం కొద్దీ వచ్చిందని తరచూ రాస్తుంటారు గానీ, నాకు అదృష్టం కన్నా చేతుల పని ఎక్కువ కనిపిస్తుంది. రెండు చోట్లా యంత్రాలు వద్దన్న ముద్దను వేళ్లు ఒప్పుకున్నాయి.

ఇప్పుడు ఓవెన్ లోపలికి వెళ్దాం. ముద్దలో పీవీసీ కంటికి కనిపించనంత సన్నటి రేణువులుగా ఉంటుంది. వాటి చుట్టూ ప్లాస్టిసైజర్. గది వేడిలో ఆ ద్రవం రేణువుల పక్కనే ఉంటుంది గానీ పెద్దగా లోపలికి పోదు, అందుకే ముద్ద నెలల తరబడి మెత్తగా ఉంటుంది. సగ్గుబియ్యం పాయసం కాచే వాళ్లకు ఓవెన్‌లో పెట్టాక జరిగేది చెప్పనక్కర్లేదు. చన్నీళ్లలో సగ్గుబియ్యం గింజలు వేటికవే విడిగా ఉంటాయి. పొయ్యి మీద పెడితే నీటిని పీల్చి ఉబ్బుతాయి, అంచులు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఓవెన్‌లో పీవీసీ రేణువులు ప్లాస్టిసైజర్‌ను అలాగే పీల్చుకుని ఉబ్బి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే ముక్కగా మారతాయి. ఇది కాలడం కాదు, ఆరడం అంతకన్నా కాదు. నీరు పోయేది లేదు కాబట్టి ముక్క కుంచించుకుపోవడం కూడా నామమాత్రమే.

ఎంత వేడి? ఫిమోకు 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట. స్కల్పీకి 130 డిగ్రీలు, ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికి పావుగంట నుంచి అరగంట. కుమ్మరి ఆవం వేడి ముందు ఇది ఏపాటి? కానీ ఈ చిన్న లెక్కలోనే అందరూ పప్పులో కాలేస్తారు. వేడి తక్కువైతే పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల రేణువులు సగమే కలిసి ఉంటాయి. చెవికి పెట్టుకున్న నాలుగో రోజు పుటుక్కున విరుగుతుంది. బాగా ఎక్కువైతే గోధుమరంగుకు తిరిగి మాడుతుంది, బౌమన్ కాలం నాటి ఆ ఆమ్లపు ఆవిరి ఇల్లంతా కమ్ముకుంటుంది. ముక్కులు మండుతాయి. ఓవెన్ ఆపి, కిటికీలన్నీ తీసి, పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్లిపోవడమే మేలు. మా ఇంట్లో ఇది ఒకసారి జరిగింది. ఓవెన్ మీట మీద 130 అని ఉంది గానీ, లోపల ఎంత ఉందో ఆ దేవుడికే తెలియాలి. ఇంకో మాట, ఓవెన్‌లోంచి తీసిన వెంటనే ముక్క వంగుతుంది. ఇంకా కాలేదనుకుని మళ్లీ లోపల తోసేవాళ్లు ఎందరో. చల్లారితేనే గట్టితనం తెలుస్తుంది.

పీవీసీ అయితే ఏంటి, దీని మీద ఇంత మోజెందుకు అంటారా? దానికి జవాబు ఒక కడ్డీలో ఉంది. తాపేశ్వరం మడత కాజా అడ్డంగా కోసిన ముఖం గుర్తు తెచ్చుకోండి. పిండిని పలచగా వత్తి, చుట్టి, ముక్కలు కోస్తే ప్రతి ముక్కలోనూ అవే వలయాలు. పాలిమర్ క్లే కళాకారులు చేసే కడ్డీ కూడా అదే తర్కం. ఇటలీలో మురానో గాజు పనివాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నది, వాళ్ల భాషలో ‘మిల్లెఫియోరి’, వేయిపూలు. మధ్యలో పసుపు కడ్డీ, చుట్టూ ఎనిమిది గులాబి రేకులు, సందుల్లో నలుపు పెట్టి ఒక లావు దిమ్మ చేశారనుకుందాం. వెడల్పు 6 సెంటీమీటర్లు, పొడవు 4 సెంటీమీటర్లు. దీన్ని నడుము దగ్గర చేత్తో పట్టుకుని, నొక్కుతూ, తిప్పుతూ, కొద్దికొద్దిగా సాగదీస్తారు. వేళ్ల కింద రంగులు కదలవు. పువ్వు పువ్వులాగే ఉండి, చిన్నదవుతూ పోతుంది. వెడల్పు 6 మిల్లీమీటర్లకు దిగేసరికి, అంటే పదో వంతు అయ్యేసరికి, ముఖం వైశాల్యం నూరో వంతు అవుతుంది కాబట్టి పొడవు నూరింతలు, అంటే 4 మీటర్లు. 2 మిల్లీమీటర్ల మందాన కోస్తే లెక్క ప్రకారం రెండు వేల పూలు. చివరలు వంకరపోయి కొంత పారేయాల్సి వస్తుందనుకోండి. శనగగింజంత పువ్వులో రేకుల గీత చెదరకపోవడం మొదటిసారి చూసినప్పుడు నేను భూతద్దం తెచ్చుకుని మరీ చూశాను.

కడ్డీ సాగాలంటే అన్ని రంగులూ ఒకే మెత్తదనంతో ఉండాలి. ఒకటి మెత్తన, ఒకటి గట్టిది అయితే మెత్తది ముందు పరిగెత్తుతుంది, పువ్వు బొద్దింకవుతుంది. అందుకే పిసకడం ముఖ్యం. అప్పడాల కర్రతో అయినా అవుతుంది గానీ, పిండిని పలచటి పట్టీలుగా వత్తే ఇటలీవాళ్ల పాస్తా మిషన్ దొరికాక ఈ కళ వెనుదిరిగి చూడలేదు. 1990లలో అమెరికాలో జూడిత్ స్కిన్నర్ అనే ఆవిడ దాంతో ఒక చమత్కారం చేసింది. రెండు రంగుల త్రికోణాలను కర్ణాలు కలిసేలా చతురస్రంగా పేర్చి, మడిచి, మిషన్‌లో పంపి, మళ్లీ అదే వైపుకు మడిచి పంపింది. ఇరవైసార్లు పంపేసరికి ఒక అంచున పసుపు, రెండో అంచున ఎరుపు, మధ్యలో సాయంత్రం ఆకాశంలా గీత కనిపించని జారుడు. ఇప్పటికీ దాన్ని స్కిన్నర్ బ్లెండ్ అనే పిలుస్తారు. ఒక్కసారి మడత దిశ మార్చారా, అంతా కలిసిపోయి నారింజ ముద్ద మిగులుతుంది. విస్కాన్సిన్‌లోని రేసీన్ మ్యూజియంలో ఈ పదార్థంతో చేసిన నగలకు, పాత్రలకు ప్రత్యేక సంగ్రహమే ఉంది.

అంతా తేనే కాదు. పీవీసీని మెత్తబరచడానికి దశాబ్దాలుగా వాడిన థాలేట్లు అనే రసాయనాల మీద శరీరంలో హార్మోన్ల పనికి అడ్డుపడతాయన్న అనుమానం బలపడింది. 2002లో అమెరికాలో వెర్మాంట్ వినియోగదారుల సంఘం ఒకటి పాలిమర్ క్లే మీదే నివేదిక విడుదల చేసి గగ్గోలు పెట్టింది. ఐరోపా 2005లో, అమెరికా 2008లో పిల్లల ఆటవస్తువుల్లో కొన్ని థాలేట్లు 0.1 శాతానికి మించరాదని చట్టాలు చేశాయి. పెద్ద కంపెనీలు వంటకం మార్చుకున్నాయి. పాత పొట్లాలతో చేయి తిరిగినవాళ్లు కొత్త ముద్ద మునుపటిలా లేదని సణిగారు కూడా. నా మట్టుకు నాకు ఆ సణుగుడు సబబుగా తోచలేదు. పేరూ ఊరూ లేని చౌక పొట్లం మాత్రం పిల్లల చేతికివ్వను. ఈ పనికి వాడిన అప్పడాల కర్రను మళ్లీ వంటింట్లోకి రానివ్వను. పర్యావరణానికి మంచిదని చెప్పి టెర్రకోట నగల పక్కన పెట్టి అమ్మేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. ఇది ప్లాస్టిక్. మట్టిలో కలవదు.

ప్లాస్టిక్ అని గుర్తుంచుకుంటే దాచుకోవడమూ తెలుస్తుంది. పచ్చి ముద్దను కాగితం మీద పెడితే కాగితం నూనె మరకతో తడుస్తుంది. ప్లాస్టిసైజర్‌ను కాగితం తాగేస్తోందన్నమాట, ముద్ద బిరుసెక్కుతుంది. గాజులా తళతళలాడే పెళుసు ప్లాస్టిక్ డబ్బాలో పెడితే అదే ద్రవం డబ్బాను తినేస్తుంది, మా చెల్లెలి డబ్బా అడుగు జిగటై ముద్దకు అతుక్కుపోయింది. అడుగున త్రికోణంలో 5 అంకె ఉండే పాలీప్రొపిలీన్ డబ్బాకు ఏమీ కాదు. ఇక మన మే నెల ఎండలు. రేకుల షెడ్డులోనో, ఎండలో నిలిపిన కారులోనో పొట్లాలు వదిలేస్తే రేణువులు అక్కడే ఉబ్బడం మొదలుపెడతాయి, ఇంటికి తెచ్చేసరికి ముద్ద పొడిపొడిగా రాలుతుంది. చల్లటి అలమరా చాలు.

మీరూ మొదలుపెడుతుంటే ఒక్క విన్నపం. మైక్రోవేవ్ జోలికి పోకండి, మామూలు ఓటీజీ సరిపోతుంది. రంగులు పన్నెండు కొనే డబ్బులో రెండు రంగులు తగ్గించి, ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. నేలకు పరిచే టైలు ముక్క ఒకటి అడుగున పెట్టి, దాని మీద నగ ఉంచి, పొట్లం మీద రాసిన వేడిని నమ్మండి, మీటను కాదు.

మా చెల్లెలు తిట్టుకున్న ఆ జుంకాలు వారం తర్వాత ఓవెన్‌లోకి వెళ్లాయి, 130 డిగ్రీల దగ్గర అరగంట. ఇప్పటికీ పెట్టుకుంటోంది. ఎడమ చెవిదాని అంచున మా డాబా మీది దుమ్ము నల్లటి చుక్కల్లా అలాగే ఉండిపోయింది, ఎంత కడిగినా రాదు.