కంప్యూటరులో అడ్డుగోడ

మీ ఇంట్లో విండోస్ కంప్యూటరు ఉన్నట్టయితే, అందులో “సి” డ్రైవు అనే పేరు మీరు చూసే ఉంటారు. కొన్నిటిలో దాని పక్కనే “డి” కూడా కనిపిస్తుంది. మరి “ఏ”, “బి” ఏమైనట్టు? పూర్వం ఆ రెండక్షరాలూ ఫ్లాపీ డిస్కులకు ఇచ్చారు. 1983లో ఐ.బి.ఎం. వారి పి.సి. ఎక్స్.టి. కంప్యూటరు 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో వచ్చినప్పుడు, ఆ డిస్కుకు “సి” మిగిలింది. ఇప్పుడు ఫ్లాపీలు వాడేవారు లేకపోయినా ఆ పేరు మాత్రం నిలిచిపోయింది.

“సి”, “డి” అని ఉండగానే లోపల రెండు డిస్కులున్నాయనుకోకండి. చాలాసార్లు డిస్కు ఒకటే. దానినే రెండు భాగాలు చేస్తారు. ఒక్కొక్క భాగాన్ని పార్టిషన్ అంటారు. ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదీ డిస్కులోనే ఒక పట్టికలో రాసి ఉంటుంది. అంటే ఇది నిజమైన గోడ కాదు, లెక్కలో గీసిన గీత!

ఈ గీత ఎందుకు? కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టము “సి”లో ఉన్నది. మీ పాఠాలూ, ఫోటోలూ “డి”లో దాచారనుకోండి. సిస్టము పాడైతే “సి”ని మాత్రం తుడిచేసి, కొత్తగా ఎక్కించవచ్చు. “డి”లోనివి అలాగే ఉంటాయి. వంటగదికి సున్నం వేయించడానికి ధాన్యపు కొట్టు ఖాళీ చెయ్యనక్కరలేదు గదా!

అయితే చిక్కులు కూడా ఉన్నాయి. “సి”కి చోటు తక్కువ ఇస్తే అది త్వరలోనే నిండిపోతుంది. అప్పుడు పక్కన “డి”లో ఎంత చోటున్నా దానికి అక్కరకు రాదు. పైగా, “డి” ఉన్నంత మాత్రాన ఫైళ్ళు వాటంతట అవే అందులో చేరవు. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైలు మామూలుగా “సి”లోనే ఉంటుంది. “సి”ని తుడిస్తే అదీ పోతుంది.

అన్నిటికన్న ముఖ్యమైన సంగతి ఒకటున్నది. ఇల్లే కూలితే రెండు గదులూ పోతాయి. డిస్కు చెడిపోయినా, కంప్యూటరును దొంగ ఎత్తుకుపోయినా “సి”, “డి” రెండూ పోతాయి. వైరసులను కూడా ఈ గోడ ఆపలేదు.

మరి వేరు చెయ్యాలా, వద్దా? సిస్టమును తరచు మార్చేవారికి వేరు చేస్తే మేలే. మిగిలినవారికి ఒకే భాగం చాలు. ఇప్పటి విండోస్‌లో మన ఫైళ్ళను ఉంచి, సిస్టమును మాత్రం తిరిగి ఎక్కించే మార్గం కూడా ఉన్నది. కాని ఏ పద్ధతి పాటించినా, పోతే తిరిగిరాని వాటికి వేరే డిస్కులో మరొక ప్రతి ఉండి తీరాలి.

పెద్దవాళ్ళు పక్కన లేకుండా పార్టిషన్లు మార్చకండి. ఒక్క మీట పొరపాటుగా నొక్కితే ఉన్నవన్నీ పోవచ్చు. అంతకన్న ఈ సాయంత్రం అమ్మనూ, నాన్ననూ ఒక ప్రశ్న అడగండి: “చెల్లాయి మొదటి పుట్టినరోజు ఫోటోలకు రెండో ప్రతి ఎక్కడున్నది?” ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, ఆ పని ఇవాళే మొదలుపెట్టించండి!