మనస్తత్వ శాస్త్రంలో తొలి పాఠం – జ్ఞాపకం

మనస్తత్వ శాస్త్రం అనగానే అది పిచ్చికి చేసే వైద్యమనో, ఎదుటివారి మనసులోని మాట పట్టే విద్య అనో మనలో చాలామంది అనుకొంటారు. మనిషి ఎలా నేర్చుకొంటాడు, ఎందుకు మరచిపోతాడు, పదిమందిలో ఎందుకు వేరుగా నడచుకొంటాడు అనే విషయాలను పరీక్షించి తెలుసుకొనే శాస్త్రమిది. 1879లో జర్మనీలోని లైప్జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల నెలకొల్పడంతో దీనికి ప్రత్యేక శాస్త్రంగా గుర్తింపు వచ్చింది. నేడు కేంబ్రిడ్జి ఏ-లెవెల్ పరీక్షలలో ఇదీ ఒక విషయం.

పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు దీనిని ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? పేర్లతో, నిర్వచనాలతో మొదలుపెడితే విసుగు పుడుతుంది. జ్ఞాపకంతో మొదలుపెట్టడం మేలు. కాగితం, పెన్సిలు, గడియారం ఉంటే చాలు. పరీక్షించేవారూ, పరీక్షకు నిలిచేవారూ పిల్లలే.

మొదటి ప్రయోగం: 1, 8, 7, 9, 1, 9, 5, 7, 2, 0, 2, 0 అని పన్నెండు అంకెలను ఒకే ఎడంతో చదవాలి. చాలామంది మధ్యలోనే తప్పుతారు. వాటినే 1879, 1957, 2020 అని మూడు సంవత్సరాలుగా చెబితే తేలికగా అప్పజెబుతారు. ఒక్కసారిగా మనసు పట్టేవి ఏడు అంశాలనీ, ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చుననీ 1956లో జార్జి మిల్లర్ వ్రాశాడు. తరువాతి పరిశోధకులు దానిని నాలుగు దాకా తగ్గించారు. అర్థమున్న ముడిగా కడితే ఒక్కొక్క అంశంలో ఎంతో ఇముడుతుంది.

రెండవ ప్రయోగం: టోఖి, ఫైణు, ఛేగు వంటి అర్థంలేని పదాలు పది ఇచ్చి, తప్పులేకుండా అప్పజెప్పడానికి ఎన్నిసార్లు చదివారో వ్రాసుకోమనాలి. మరునాడు మళ్ళీ నేర్పాలి. మొదట పదిసార్లు చదివినవారికి ఇప్పుడు ఆరుసార్లు చాలితే, నాలుగుసార్ల శ్రమ మిగిలినట్లు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ ఈ లెక్కను తనపైనే వేసి చూసి 1885లో ప్రకటించాడు. మిగిలిన శ్రమ ఇరవై నిమిషాలకు సుమారు నూటికి 58 పాళ్ళు, ఒకరోజుకు 34, నెలకు 21. అంటే మరుపు మొదట వేగంగా వస్తుంది, తరువాత నెమ్మదిస్తుంది.

మూడవ ప్రయోగం మన ఇండ్లకు దగ్గరిది. ఇరవై మాటలు చదివి వినిపించి, సగం తరగతిని చూడకుండా వ్రాయమనాలి. మిగతా సగానికి నలభై మాటలు చూపి, విన్నవాటిని గుర్తుపట్టమనాలి. రెండవ జట్టే గెలుస్తుంది. గుర్తుపట్టడం వేరు, వెదకి తీసుకొని రావడం వేరు.

అమ్మమ్మ తెలుగులో పిలిస్తే మనుమరాలికి అంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం మలాయిలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. దానిని పొగరని తిట్టేముందు ఈ ప్రయోగాన్ని తలచుకోవాలి. మాటలు లోపల ఉన్నాయి. బయటికి తీసే అలవాటు లేదు. సిగ్గూ, అవసరం లేకపోవడమూ దీనికి తోడవుతాయి. ఈ అలవాటు విలువను 2006లో రోడిగర్, కార్పికె చూపారు. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారికంటే, పుస్తకం మూసి గుర్తుచేసుకొన్నవారికి వారం తరువాత ఎక్కువ నిలిచింది. కనుక మన తెలుగు తరగతులలో పిల్లలకు వినిపించడం ఒక్కటే చాలదు. వారిచేత చెప్పించాలి, రెండు రోజులు ఆగి మళ్ళీ చెప్పించాలి, తప్పు మాట్లాడినా నవ్వకూడదు.

ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక. తరగతిలో పిల్లల ఇంటి గుట్టు అడగరాదు. రెండు పాఠాలు విన్న విద్యార్థి తోటివాడికి జబ్బు పేరు తగిలించడాన్ని సాగనివ్వరాదు. నిజంగా బాధపడే పిల్లవాడిని నమ్మకంగా వైద్యుని వద్దకు చేర్చాలి. తరగతి గది చికిత్సాలయం కాదు.

అమ్మమ్మలూ తాతయ్యలూ ఉండగానే ఈ మాటలు పిల్లల నోట తిరుగాడాలి. ప్రతి పూటా ఒక్క ప్రశ్న తెలుగులో అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికగా ఆగుదాం.