పురుగుల మాత్రతో మెడికల్ గట్టెక్కుతుందా?

ఒంట్లో పురుగులుంటే హెచ్‌ఐవీ వస్తుందట, అందుకే కువైట్ మెడికల్ పరీక్షకు ముందు అల్బెండజోల్ మింగితే రెండూ కడిగేసినట్టు పోతాయట! ఈ ప్రచారం చేసే నష్టం చిన్నది కాదు. తప్పటడుగు వేసినవాడు పది రూపాయల మాత్ర మింగి, పరీక్ష మానేసి, ఊళ్లో భార్యకు కూడా ఆ వైరస్ అంటిస్తాడు. రక్తంలో ఫైలేరియా కనబడినవాడిదేమో ఇంకో ఖర్మ. వాడికి వచ్చింది దోమకాటుతో వచ్చే బోదకాలు జబ్బు. కువైట్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లు మాత్రం వాడికి ఎయిడ్స్ అని తేల్చేసి మంచం వేరు చేస్తారు. గల్ఫ్ మెడికల్‌లో హెచ్‌ఐవీకి, మైక్రోఫైలేరియాకు, అంటే ఫైలేరియా పిల్ల పురుగులకు, ఒకే రోజు రక్తం తీస్తారు కాబట్టి రెండూ ఒకటేనని కొందరి వాదన. హెపటైటిస్‌కు కూడా ఆ రక్తమే చూస్తారు, మరి అదీ పురుగేనా?

అయితే ఈ పుకారుకు ఎక్కడో ఒక నిజపు ముక్క ఉంది, ఒప్పుకోక తప్పదు. టాంజానియా నైరుతి మూలనున్న క్యేలా జిల్లాలో కొన్నేళ్లపాటు జనాన్ని గమనించిన పరిశోధకులు 2016లో లాన్సెట్ పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. ఫైలేరియా లేనివాళ్లలో ఏడాదికి ప్రతి 100 మందికి 0.80 చొప్పున కొత్తగా హెచ్‌ఐవీ సోకితే, ఉన్నవాళ్లలో అది 1.91. అంటే రెండింతల పైమాటే. ఆ పురుగు లింఫ్ నాళాల్లో ఏళ్ల తరబడి కాపురం పెడుతుంది. దానితో పోరాడుతూ సీడీ4 అనే రక్షణ కణాలు ఎప్పుడూ ఉద్రేకంగానే ఉంటాయి, హెచ్‌ఐవీ తేలిగ్గా చొరబడేది అలాంటి కణాల్లోకే. ఆఫ్రికాలో బిల్హార్జియా పురుగు గుడ్లు స్త్రీల జననాంగాల్లో పుండ్లు చేసి వైరస్‌కు దారిస్తాయన్న అనుమానం కూడా బలమైనదే, కానీ అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పలేదు.

ఇంతకీ అక్కడ పెరిగింది ముప్పు మాత్రమే. వైరస్ ఒంట్లోకి రావాలంటే రక్షణ లేని సంభోగమో, వాడిన సూదో, పరీక్షించని రక్తమో, తల్లి నుంచి బిడ్డకో, ఏదో ఒక దారి కావాలి. ఆ దారే లేనివాడికి ఒంటినిండా పురుగులున్నా హెచ్‌ఐవీ రాదు. సున్నాను రెండుతో హెచ్చవేస్తే వచ్చేది సున్నాయే. పురుగు ముప్పు పెంచుతుంటే మాత్ర తగ్గించాలిగా అని అడుగుతారు. వైరస్ సోకకముందు ఫైలేరియాను పోగొట్టుకుంటే కొంత మేలు ఉండొచ్చు, సోకాక మాత్రం మాత్రకు చేతనయ్యేది ఏమీ లేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు క్రమంగా పురుగుల మందు ఇస్తే జబ్బు నెమ్మదిస్తుందేమోనని కెన్యాలో పెద్ద ప్రయోగమే చేశారు; 2012లో వచ్చిన ఫలితం, నెమ్మదించలేదని. పైగా పరీక్ష వెతికేది వైరస్ ఆనవాళ్లనూ, దాని మీద శరీరం తయారుచేసిన యాంటీబాడీలనూ. అల్బెండజోల్ వాటి జోలికే పోదు. ఫైలేరియా సంగతీ అంత తేలిక కాదు. మన ప్రాంతపు ఫైలేరియా పిల్ల పురుగులు చర్మం దగ్గరి రక్తంలోకి వచ్చేది ఎక్కువగా రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య. పొద్దున్నే తీసిన రక్తచుక్కలో అవి కనిపించకపోతే, ఫిట్ అన్న ముద్ర పడినంత మాత్రాన జబ్బు లేదని భరోసా లేదు.

దోమ కుడితే హెచ్‌ఐవీ రాదు. ఒకే కంచంలో ఖుబుస్ తిన్నా, ఒకే బాత్‌రూమ్ వాడినా రాదు. అలాగే వేపరసం తాగితే ఫైలేరియా చావదు. ఇక కోనసీమ నుంచైనా, ఇంకెక్కడి నుంచైనా వెళ్లేవాళ్లు ఊళ్లో ఆరోగ్య కార్యకర్తలు బోదకాలుకు పంచే డీఈసీ, అల్బెండజోల్ మాత్రలు పారేయకుండా వాళ్ల ముందే మింగడం మంచిది. హెచ్‌ఐవీ అనుమానముంటే ఏజెంటు చెప్పే మెడికల్ దాకా ఆగకుండా ముందే ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేయించుకోవాలి. ఉచితం, వివరాలు బయటపెట్టకూడదని 2017 చట్టమే ఉంది. కువైట్‌లో హెచ్‌ఐవీ తేలితే వెనక్కి పంపిస్తారన్న భయం అబద్ధం కాదు. ఆ భయంతో పరీక్ష దాటవేసినవాడికి మందు ఆలస్యమవుతుంది, అంతే. ముప్పు ఎదురైన మర్నాడే చేయించుకున్న పరీక్షలో ఏమీ తేలదు, కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించుకోవాలి, ఈలోగా కండోమ్ వదలకూడదు. ఎవరినడగాలో తెలియకపోతే ఇంట్లోవాళ్లు ఇండియాలో 1097కు ఫోన్ చేయొచ్చు.